తిరిగిచ్చేసిన గొంతు

హైదరాబాద్,
14 జూన్ 2008

అక్కా,

మీరు క్షేమంగా చేరారని బస్సు కండక్టరు చేత బావ కబురు చేశాడు. కొత్తగూడెం దాటాక ఆ గుంతల రోడ్డు మీద బాపు మెడ కుట్లకు ఏమవుతుందోనని నేను ఇక్కడ ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. ఫోన్ చేద్దామంటే తండాకు టవర్ అందదు. అందినా ఏం లాభం, నేను బాపుకు వినిపిస్తాను గాని బాపు నాకు వినిపించడు. కాబట్టి ఇక ఉత్తరాలే.

నీకొక సంగతి చెప్పకుండా దాచాను. గొంతు మొత్తం తీసేయాలి, ఇక మాట ఉండదు అని డాక్టరు చెప్పిన మర్నాడు బాపును నేను వీడియో ఎడిటింగ్ చేసే మా స్టూడియో చూపిస్తానని తీసుకుపోయాను కదా. చూపించడానికి కాదు. మన చిన్నప్పుడు టీవీ, వీసీఆర్, జనరేటర్ కిరాయికి తెచ్చి తండాలో సినిమాలు వేసేవాళ్ళు, గుర్తుందా? సగం మందికి తెలుగు రాకపోతే బాపు టీవీ పక్కన నిలబడి లంబాడీలో కథ చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఉన్న కథ చెప్పడం విసుగొచ్చి, సినిమా చప్పుడు తగ్గించమని చెప్పి, బొమ్మలకు తనే మాటలు కల్పించడం మొదలుపెట్టాడు. కోయగూడెం నుంచి బొజ్జయ్య మామ మన భాష ఒక్క ముక్క రాకుండానే వచ్చి, ముందు వరుసలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అదంతా ఇంకెవరూ వినరు కదా అనిపించింది.

మన తండాలో పదిసార్లు ఆడిన ఆ జమీందారు సినిమా వేసి, మైకు ముందు కూర్చోబెట్టాను. రెండున్నర గంటలు చెప్పాడక్కా. సగం లంబాడీ, సగం తెలుగు. జమీందారు మెట్ల మీద నిలబడి గర్జిస్తుంటే బాపు, "నా చెప్పులు ఎవడు ఎత్కపోయిండ్రా?" అంటాడు. హీరో గుర్రం మీద పాట పాడుతుంటే, "కిరాయి గుర్రం, పొద్దుగూకేలోపు అప్పజెప్పాలె, జల్దీ పాడు." హీరోయిన్ ఏడుస్తుంటే, "ఈ నెల కూడా కిరసనాయిల్ రాలే." మా ఓనరు భుజంగరావు గారు తలుపు సందులోంచి చూసి నవ్వు ఆపుకోలేక వెళ్ళిపోయారు.

దాన్ని ఇంటర్నెట్‌లో వీడియోలు పెట్టే సైటులో ఎక్కించాను. పది నిమిషాలకు మించి ఒప్పుకోరు కాబట్టి పదహారు ముక్కలు చేశాను. బూర్గంపాడులో గోపాలు నెట్ సెంటరుకు బాపును తీసుకుపో. వివరాలు వేరే కాగితం మీద రాశాను, గోపాలుకు ఇస్తే తెరుస్తాడు. పూణేలో ఉన్న మన లాల్‌సింగ్ అప్పుడే చూశాడట. పనిలో ఉన్న తండావాళ్ళందరినీ పోగుచేసి మళ్ళీ చూపించాడట.

నీ తమ్ముడు
జైరాం

*

రాళ్ళవాగు తండా, బూర్గంపాడు మండలం,
30 జూన్ 2008

జైరాం,

నీ ఉత్తరం అంగన్‌వాడీలో పిల్లలకు గుగ్గిళ్ళు పెట్టి వచ్చాక బాపుకు చదివి వినిపించాను. మొత్తం చదవాలట. గుంతల రోడ్డు ముక్క దాటేయబోతే నా కళ్ళు ఎక్కడ ఎగిరాయో పట్టేసి చేత్తో నేల మీద కొట్టాడు. ఇదివరకు నోటితో గదమాయించేవాడు, ఇప్పుడు నేలను కొడుతున్నాడు, అంతే తేడా. నువ్వు రాసే ప్రతి అక్షరం ఆయన చెవిన పడుతుందని గుర్తుపెట్టుకుని రాయి.

సంత రోజున గోపాలు దగ్గరికి వెళ్ళాం. నెట్ సంగతి నీకు తెలుసు, ఒక ముక్క రావడానికి అరగంట. గిరగిరా తిరిగే ఆ చక్రాన్ని చూస్తూ బాపు ఓపికగా కూర్చున్నాడు. వచ్చింది. "నా చెప్పులు ఎవడు ఎత్కపోయిండ్రా" అన్న మాట ఆ చిన్న స్పీకర్లలోంచి రాగానే నా ఒళ్ళు జల్లుమంది. నెల దాటింది కదా విని. నేను బాపు వైపు తిరిగి చూశాను. పెదవులు కదులుతున్నాయి. మాట ముందు ఆయన పెదవి మీదికి వచ్చి, తర్వాత పెట్టెలోంచి వస్తోంది. ఒక చోట నవ్వాడు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగాయి. పక్క కుర్చీలో హాల్‌టికెట్టు తీసుకుంటున్న కుర్రాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. బాపు లేచి వాళ్ళకు చోటిచ్చాడు. వాళ్ళ ముఖాలు చూడడానికి గోడ పక్కన నిలబడ్డాడు.

ఇప్పుడు ప్రతి సంతకూ పోవాల్సిందే. వారానికి ఒక ముక్క అని లెక్క పెట్టుకున్నాడు. మిగతా ఆరు రోజులు నా పలక తీసుకుని అక్షరాలు దిద్దుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి అంగన్‌వాడీ పిల్లలతో కలిసి అ ఆలు రాస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. పిల్లలు మాత్రం ఆయన తప్పులు దిద్దుతున్నారు.

ఒక్క మాట. బడిలో హెడ్‌మాస్టరు గారికి చెబితే ముఖం అదోలా పెట్టారు. "సినిమా వాళ్ళది కదమ్మా, కాపీరైట్ అని ఒకటి ఉంటది, వాళ్ళు ఊకుంటరా?" అన్నారు. ఊకుంటారా? బాపు కూడా పలక మీద పెద్ద ప్రశ్న గుర్తు వేశాడు. అది ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు.

హేమలత

*

హైదరాబాద్,
3 ఆగస్టు 2008

అక్కా,

హెడ్‌మాస్టరు గారికి భయం ఎక్కువ. మనం సినిమా అమ్ముకోవడం లేదు, టిక్కెట్టు పెట్టడం లేదు. వెక్కిరిస్తున్నాం, అంతే. వెక్కిరింత మీద కేసు పెడితే దేశంలో జైళ్ళు చాలవు. నెట్‌లో ఇలాంటివి వందలున్నాయి, అందరూ పెడుతున్నారు. భుజంగరావు గారు కూడా ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే, ఆయనకు పెట్టానని తెలియదు, అది వేరే సంగతి.

మొదటి ముక్క ఎంతమంది చూశారనుకున్నావు? పదకొండు వేలు. ఆదిలాబాద్ నుంచి, నాందేడ్ నుంచి, దుబాయ్ నుంచి కూడా మనవాళ్ళు కింద రాస్తున్నారు. "ఈ పెద్దాయన ఎవరన్నా, మా తాత లెక్కనే మాట్లాడుతున్నడు" అని ఒకరు. "రెండో సినిమా ఎప్పుడు?" అని ఇంకొకరు. రెండో సినిమా ఎక్కడి నుంచి తేవాలి. దానికి జవాబు ఏం రాయాలో తెలియక వదిలేశాను.

మూడు, నాలుగు ముక్కలు తెరుచుకోకపోతే కంగారు పడకండి. సైటులో ఏదో ఇబ్బంది, వాళ్ళే సరిచేస్తారు. బాపుకు ఐదో ముక్క చూపించండి, అందులో పులి వేట ఉంది.

జైరాం

*

రాళ్ళవాగు తండా,
21 సెప్టెంబర్ 2008

జైరాం,

నువ్వు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. ఉత్తరంలో చెవులు కనిపించవని ధైర్యం కాబోలు.

వాగు పొంగి చాలా సంతలు తప్పాయి. పోయినప్పుడు మూడు, నాలుగు రాలేదు. పోయిన నెల ఐదు చూశాం. ఈ నెల మొదటి సంతకు ఏదీ రాలేదు, పదహారూ లేవు. నల్లటి గడిలో ఇంగ్లీషులో ఎర్ర గీతతో ఏదో రాసి ఉంది. గోపాలు నా చెవిలో మెల్లగా చదివాడు. "సినిమా కంపెనోళ్ళు ఫిర్యాదు చేసిండ్రంట అక్కా, అందుకే తీసేసిండ్రు. ఖాతానే మూసేసిండ్రు." బాపు తెర వైపు చూస్తున్నాడు. నేను గోపాలుకు సైగ చేశాను. "నెట్ డౌన్ ఉన్నది పెద్దయ్యా, వచ్చే వారం రా" అన్నాడు.

ఆ సంతతో కలిపి ఇప్పటికి మూడు సంతలు అయ్యాయి. మూడుసార్లూ బాపు తలపాగా చుట్టుకుని, మెడకు తెల్ల గుడ్డ కట్టుకుని బయలుదేరాడు. మూడుసార్లూ నెట్ డౌన్. వానలో ఆటో దొరక్క వాగు దాకా నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, తిరిగొచ్చాం. నేను చేసింది మంచి పని కాదు. కానీ ఏం చెప్పమంటావు ఆయనకు?

ఇది మాత్రం నేను ఆయనకు చదవడం లేదు. నువ్వు తిరిగి రాసేది చదువుతాను. కాబట్టి నిజం రాయి. ఆ మాటలు ఇంకెక్కడైనా ఉన్నాయా, లేవా?

హేమలత

*

హైదరాబాద్,
9 అక్టోబర్ 2008

బాపూ, అక్కా,

నిజమే రాస్తున్నాను.

ఆ సినిమాను సీడీలుగా అమ్ముకునే హక్కు ఒక కంపెనీ కొనుక్కుంది. వాళ్ళు ఫిర్యాదు చేశారు. మూడు ఫిర్యాదులైతే సైటువాళ్ళు ఖాతా మూసేస్తారు, మూసేశారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. పోయిన వారం వకీలు నోటీసు వచ్చింది, నా పేరు మీద, స్టూడియో చిరునామాకు. వీడియో చివర "ఎడిటింగ్ జైరాం" అని స్టూడియో పేరుతో సహా గొప్పగా వేసుకున్నాను కదా, దాన్ని పట్టుకుని వచ్చింది. ఆ కంపెనీ మా స్టూడియోకు పెద్ద గిరాకీ కూడా. భుజంగరావు గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కంగారు పడకండి, ఆ మాటలు ఉన్నాయి. స్టూడియో కంప్యూటరులో ఉన్నాయి, నేను చేసిన రెండు డిస్కుల్లో ఉన్నాయి.

ఇప్పుడు రెండు దారులు. ఒకటి, తప్పయిందని రాసిచ్చి, ఉన్న కాపీలన్నీ వాళ్ళకు అప్పగించి, కంప్యూటరులోది చెరిపేయడం. అప్పుడు కేసు ఉండదు. రెండు, సైటువాళ్ళకు ఇంకో ఫారం పంపడం. ఇది వెక్కిరింత, తప్పు కాదు, మళ్ళీ పెట్టండి అని ప్రమాణం చేసి, అసలు పేరు, చిరునామా ఇచ్చి, కోర్టుకు పిలిస్తే వస్తానని ఒప్పుకోవాలి. ఫారం నా దగ్గరే ఉంది. నాలుగుసార్లు నింపి నాలుగుసార్లు చెరిపాను.

తండాలో ఏ తగువు వచ్చినా తీర్చింది నువ్వే బాపూ. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

జైరాం

*

రాళ్ళవాగు తండా,
19 అక్టోబర్ 2008

జైరాం,

చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు.

మొదట ఒక సంగతి విను. నెట్ డౌన్ అన్న అబద్ధం బాపుకు మొదటి వారమే తెలుసట. పక్క కంప్యూటరులో కుర్రాడు బొమ్మలు చూస్తుంటే నెట్ ఎలా డౌన్ అవుతుంది? తెలిసి కూడా మూడు వారాలు నాతో వాన‌లో నడిచాడు. ఎందుకని అడిగితే పలక మీద "నువ్వు" అని రాసి ఆపేశాడు. నా కోసమని అర్థం. నాకు ఏడుపు ఆగలేదు.

ఇక నీ ప్రశ్న. బాపు చాలాసేపు ఆలోచించలేదు. "ఇచ్చెయ్" అని రాశాడు.

మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. నీకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఎద్దు దారి తప్పి తండాకు వచ్చింది. నాలుగు నెలలు మేపాం, దానికి జ్వరం వస్తే బాపు పాకలో దాని పక్కనే పడుకున్నాడు. కల్లూరు నుంచి పగిడయ్య అనే ఆయన వెతుక్కుంటూ వచ్చి అది నాదే అన్నాడు. అమ్మ మేత ఖర్చు సంగతి ఎత్తబోతే బాపు అడ్డుపడ్డాడు. "ఫస్టు తాడు ఆయన చేతిల పెట్టు. గటెన్క మాట్లాడుకుందాం. తాడు మన చేతిల ఉంచుకొని మాట్లాడితే అది బేరం అయితది" అన్నాడు. ఇచ్చాకే కూర్చున్నారు. ఆ పగిడయ్య మన ఇంట్లో అన్నం తిని, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. ఏటా మామిడికాయలు పంపేవాడు.

సినిమా వాళ్ళది. వాళ్ళు వచ్చి అడిగారు. ముందు ఇవ్వాలి, తర్వాత మాట్లాడుకోవచ్చు. ఇదీ బాపు తీర్పు. పట్నం కంపెనీలు పగిడయ్యలు కావని నేను ఎంత చెప్పినా వినలేదు.

నాకు మాత్రం ఒకటి తడుతోంది. ఎద్దు వాళ్ళదే. కానీ గొంతు మనది కదా, జైరాం? బొమ్మ వాళ్ళకిచ్చేసి, బాపు మాట ఒక్కటీ విడిగా తీసి ఉంచుకునే వీలు లేదా? ఆ యంత్రాల సంగతి నాకు తెలియదు, నీకు తెలుసు. ఇది కూడా బాపు ముందే రాస్తున్నాను. నా చేతి వైపే చూస్తున్నాడు.

హేమలత

*

హైదరాబాద్,
16 నవంబర్ 2008

అక్కా,

ఇచ్చేశాను. రెండు డిస్కులూ కొరియర్ చేశాను. క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టాను. కంప్యూటరులోది భుజంగరావు గారి ఎదుటే చెరిపేశాను. కేసు లేదు. ఉద్యోగం ఉంది.

విడిగా తీయడం కుదరలేదు. సినిమా, మాట కలిసిపోయాయి. పాలలో పోసిన నీళ్ళు మళ్ళీ తీయలేం కదా, అలాగే. బాపుకు చెప్పు.

ఈ నెల ఎక్కువ రాయలేను, పెళ్ళిళ్ళ సీజను, ఊపిరి ఆడటం లేదు. బాపుకు చలికాలంలో మెడ గుడ్డ కింద దుమ్ము పోకుండా చూడు. దూది, గాజు గుడ్డ పార్సిలు పంపుతున్నాను.

జైరాం

*

రాళ్ళవాగు తండా,
25 జనవరి 2009

జైరాం,

రెండు నెలలు నీకు రాయకపోవడానికి కారణం ఉంది.

నీ ఉత్తరం విన్నాక బాపు తలూపాడు. వారం తర్వాత పలక మీద "ఇప్పుడు మాట్లాడు" అని రాశాడు. ముందు ఇచ్చాం కాబట్టి ఇప్పుడు అడగొచ్చని ఆయన లెక్క. నువ్వు పనిలో ఉన్నావు కదా అని నేనే ఖమ్మం వెళ్ళాను. బిచ్యా కాక కొడుకు తిరుపతి అక్కడ కోర్టులో జూనియర్ వకీలుగా ఉన్నాడు. అంతా విని తల పట్టుకున్నాడు. "సినిమా వాళ్ళదే అక్కా, దాంట్ల మాట లేదు. గా ఫారం పంపినా గెలుస్తుండెనో లేదో నేను చెప్పలేను. కానీ పెద్దనాయన గొంతు వాళ్ళది ఎట్లైతది? బొమ్మ మొత్తం తీసేసుకొని గొంతు ఒక్కటి ఇయ్యుమని అడుగుదాం" అని మర్యాదగా ఒక ఉత్తరం రాసి కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపాడు. డాక్టరు కాగితం కూడా జతచేశాడు.

జవాబు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. మీ క్షమాపణ అందింది, ఒప్పందం ప్రకారం డిస్కులు డిసెంబరు మొదటి వారంలోనే ధ్వంసం చేశాం, మీ తండ్రిగారి ఆరోగ్యం బాగుండాలని కోరుకుంటున్నాం. మర్యాదగానే రాశారు. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

బాపుకు చెప్పాను. మంచం మీద కూర్చున్నవాడు మెడ గుడ్డ సరిచేసుకుని, పెరట్లోకి పోయి, ఎండు కంది కట్టె విరుస్తూ కూర్చున్నాడు. పొయ్యికి కావలసిన దానికంటే చాలా ఎక్కువ విరిచాడు.

ఇప్పుడు అసలు సంగతి. తిరుపతి ఇంకో మాట అన్నాడు. అతని స్నేహితుడికి ఖమ్మంలో పెళ్ళి వీడియోల దుకాణం ఉంది. ఆ అబ్బాయి చెప్పాడట, ఎడిటింగ్ చేసే కంప్యూటరులో బొమ్మ ఒక వరుసలో, మాట ఇంకో వరుసలో విడివిడిగా ఉంటాయని, మాట ఒక్కటీ తీసుకోవడం అయిదు నిమిషాల పనని.

అతను చెప్పింది తప్పా, నువ్వు రాసింది తప్పా? ఇది నేను బాపుకు తెలియకుండా రాస్తున్నాను. నీ జవాబు మాత్రం చదువుతాను. ఏం రాయాలో నువ్వే ఆలోచించుకో.

హేమలత

*

హైదరాబాద్,
22 ఫిబ్రవరి 2009

అక్కా,

ఈ ఉత్తరం ఆపకుండా చదువు. మధ్యలో బాపు నేల మీద కొట్టినా, నీకు కోపం వచ్చినా, ఆపకు.

బాపూ,

ఖమ్మం అబ్బాయి చెప్పిందే నిజం. నీ గొంతు విడిగానే ఉంది. నేనే విడిగా రికార్డు చేశాను, నేనే విడిగా దాచాను. పాలు, నీళ్ళు అని రాసింది అబద్ధం.

భుజంగరావు గారి ఎదుట చెరిపానని రాశాను. అదీ అబద్ధమే. ఆయన అసలు గదిలో లేరు. నా మీద నమ్మకంతో, "చూసుకో జైరాం, ఏదీ మిగలొద్దు" అని చెప్పి భోజనానికి వెళ్ళారు. గదిలో నేనొక్కడినే ఉన్నాను. చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ ఉంది.

హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని చివరిసారి విన్నాను. సినిమాలో వేయకుండా నేను కత్తిరించిన ముక్కలు కూడా అందులో ఉన్నాయి. దగ్గు ఉంది. "ఇంగ ఎంత ఉన్నది బిడ్డా? గొంతు మండుతున్నది" అని నువ్వు అడగడం ఉంది. అయిపోవచ్చింది బాపూ అని నేను అనడం ఉంది. అప్పటికి ఇంకా గంట సినిమా మిగిలి ఉంది, ఆపరేషన్‌కు నాలుగు రోజులే మిగిలాయి. "సరే తియ్యి, వాళ్ళ గుర్రం ఎక్కడిదాక వచ్చింది" అని నవ్వి, నువ్వు మళ్ళీ మొదలుపెట్టావు.

అది విని కూడా చెరిపాను.

ఎందుకని అక్క అడుగుతుంది. భయం. కాగితం మీద "ఏ రూపంలోనూ ఏ భాగమూ ఉంచుకోను" అని ఉంది. రేపు ఎవరైనా నా జేబు వెతికితే? ఉద్యోగం పోతే? ఈ పట్నంలో పెద్ద కంపెనీ నోట పడితే మళ్ళీ ఏ స్టూడియో గడప తొక్కనిస్తుంది? గొంతు వరకు ఉంచుకోవచ్చా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కంపెనీవాళ్ళను కూడా అడగలేదు, ఏ వకీలునూ అడగలేదు. అడిగితే, ఇంకా ఎందుకు దాచావని కేసు మళ్ళీ మొదటికి వస్తుందేమోనని భయపడ్డాను.

నువ్వు "ఇచ్చెయ్" అన్నావు. ఆ మాట వెనక దాక్కున్నాను. బాపు చెప్పాడు, నేను చేశాను అని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు సినిమా ఇవ్వమన్నావు. నీ గొంతు ఇవ్వమనలేదు. ఆ తేడా నాకు ఆ రోజే తెలుసు.

జనవరిలో నాకు జీతం పెంచారు.

దుబాయ్ నుంచి, పూణే నుంచి ఎవరైనా దించుకుని దాచారేమోనని తెలిసినవాళ్ళందరినీ అడిగాను. లాల్‌సింగ్ కూడా నెట్ సెంటరులోనే చూశాడట. ఎవరి దగ్గరా లేదు. ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చనుకున్నారు అందరూ, నాలాగే.

నన్ను రావద్దంటే రాను. రమ్మంటే సెలవు పెట్టి వస్తాను. నీకు నా మీద కోపం వచ్చిందా బాపూ? అది ఒక్కటి అక్క చేత రాయించు.

జైరాం

*

రాళ్ళవాగు తండా,
15 మార్చి 2009

జైరాం,

ఆపకుండా చదివాను. బాపు నేల మీద కొట్టలేదు.

చదవడం అయ్యాక పలక అందించాను. బలపం పట్టుకున్నాడు, పలక మీద ఆనించాడు. చుక్క తప్ప ఏమీ పడలేదు. తర్వాత పలక నా ఒళ్ళో పెట్టి మిరప కల్లం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఘాటు ఊపిరి తీసే మెడ రంధ్రానికి పడదని డాక్టరు చెప్పాడు కదా, నేను వెంట పరుగెత్తి తిరిగి తీసుకొచ్చాను. రెండు రోజులు పలక ముట్టలేదు. అంగన్‌వాడీ పిల్లలు వచ్చి పిలిచినా కదల్లేదు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు.

మూడో రోజు పొద్దున పిల్లలకు గంజి కాస్తుంటే వచ్చి పలక నా ముందు పెట్టాడు. "రమ్మను" అని ఉంది. అంతే. నీ పేరు కూడా రాయలేదు.

అది దగ్గరికి తీసుకోవడానికో, నిలబెట్టి కడిగేయడానికో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆయన ముఖం చూసి చెప్పగలవు కదా అంటావేమో. చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా ఆ ముఖాన్ని మాటతో కలిపే చూశాను, మాట లేకుండా దాన్ని చదవడం నాకు ఇంకా రావడం లేదు.

నా సంగతి అడిగితే మాత్రం చెబుతాను. నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. నువ్వు భయపడ్డందుకు కాదు, పేదవాళ్ళకు భయం ఉంటుంది, నాకూ ఉంది. "గొంతు మండుతున్నది" అన్న మాట విని కూడా చెరిపావే, దానికి. నువ్వు చిన్నప్పుడు ఏం చేసినా నేను నీ తరఫున బాపుతో మాట్లాడేదాన్ని. ఈసారి మాట్లాడలేదు.

బాపుకు కోపం వచ్చిందో లేదో నా చేత రాయించమన్నావు. "లేదురా, నీ మీద నాకు కోపం లేదు" అని ఒక్క వాక్యం రాసి పంపితే నువ్వు నిద్రపోతావని తెలుసు. రాసినా ఆయన కాదనలేడు, అదీ తెలుసు. అందుకే రాయను. సినిమా బొమ్మలన్నిటి నోటికీ మాట పెట్టిన మనిషి నోటికి నేను మాట పెట్టను, జైరాం. ఏం చెబుతాడో చెప్పడో నువ్వే వచ్చి ఆయన ఎదురుగా కూర్చో. ఆయన ఏమీ రాయకపోతే, ఏమీ రాయని ఆ పలక ముందే కూర్చో.

పొద్దున ఏడింటి బస్సు ఎక్కితే సాయంత్రానికి బూర్గంపాడులో దిగుతావు. బావ ఆటో మాట్లాడి ఉంచుతాడు. వాగు మీద వంతెన పని జరుగుతోంది, కిందనుంచి నడవాలి.

హేమలత